మంచి నెలలు

జనవరి వచ్చిందంటే రాయచూరు గంజ్ బజారు వెనక గల్లీలో ఆడవాళ్ళ నోట సీట్ల మాట తప్ప ఇంకో మాట వినపడదు. పొద్దున్నే బడి వ్యాన్లు వచ్చి టిఫిన్ డబ్బాలతో సహా పిల్లల్ని ఊడ్చుకుపోతాయి. వ్యాను మలుపు తిరిగేదాకా చేతులూపిన తల్లులు ఆ తర్వాత ఇళ్ళల్లోకి పోవాలా, పోరు. పొయ్యి మీద పప్పు మాడిపోనీ, నల్లా నీళ్ళు ఆగిపోనీ, అందరూ వచ్చి ఆనందమ్మ ఇంటి ముందరి అరుగుకట్ట మీద కూలబడతారు.

ఆ కట్టకు ఆనందమ్మే పెద్ద. ఇద్దరు మనవళ్ళను గడియారం బడిలో చేర్పించిన మనిషి మరి! గడియారం బడికి ఇంగ్లీషులో చాలా పొడుగు పేరుంది కానీ ఎవరికీ నోరు తిరగదు. ముందు గోడ మీద ఇంత పెద్ద గడియారం ఉంది కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. ఆ గడియారం ఏనాడూ సరైన టైం చూపించిన పాపాన పోలేదు, అయినా ఊరంతా ఆ బడికే ఎగబడుతుంది.

"ఇంటర్వ్యూల పిల్లగాని చేతికి అరటిపండు ఇస్తరు," అంది ఆనందమ్మ ఆ రోజు. "ఒలిచినంక తొక్క ఏం చేస్తడో చూస్తరు. జేబుల పెట్టుకుంటే సీటు. కింద పారేస్తే ఇంటికే."

"అసలు తినకుంటే?"

"తినకుంటే ఇంట్ల బాగ తిండి దొరుకుతదని లెక్క. అదీ మంచిదే."

కాలవ కింది జవళగేర నుంచి పిల్లల చదువు కోసమని వచ్చి అద్దెకుంటున్న వాణి నిట్టూర్చింది. "పోయినేడు ఇంటర్వ్యూలో మేం వరి వేస్తామని ఉన్నమాట చెప్పానండీ. ఆ హెడ్ మేడమ్ మొహం అదోలా పెట్టింది. మా వెనకాల వచ్చినాయన రైస్ మిల్లు అన్నాడు. ఇంతకీ ఆయన ఆ మిల్లులో డ్రైవరండీ! వాళ్ళబ్బాయికి సీటిచ్చారు, మావాడికి లేదన్నారు."

"మిల్లు అంటే మిల్లే. ఓనరా డ్రైవరా అని ఎవరడిగిండ్రు?" అంది ఆనందమ్మ.

అందరూ నవ్వారు. స్ఫూర్తి మాత్రం నవ్వలేదు. ఆమె బాధ వేరు. ఆమె కొడుకు నిఖిలేశ్ పద్యాలు చెబుతాడు, రంగుల పేర్లు చెబుతాడు, అరటితొక్క జేబులో కాదు, నోట్లో పెట్టుకోమన్నా పెట్టుకుంటాడు. కానీ జూన్ మొదటికి ఆరేళ్ళు నిండితేనే ఒకటో క్లాసు. వాడు దసరా ముందర పుట్టాడు. అంటే నాలుగైదు నెలలు తక్కువ.

"వచ్చే ఏడు చేర్పిద్దం. కొంపలు మునిగినయా?" అన్నాడు భర్త యోగానంద్. గంజ్‌లో పత్తి కొని అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమస్తా అతను. రోజంతా బస్తాల మధ్య తిరిగి వచ్చేవాడికి ఇంట్లో గొడవ ఉండకపోతే చాలు.

"వచ్చే ఏడా? ఎదురింటి రక్షిత ఈ ఏడే చేరుతున్నది. నా కొడుకు బతుకంత దాని కంటె ఒక క్లాసు కింద కూచోవాలెనా? నీకేం, పొద్దున పోతవు, రాత్రికొస్తవు. ఆ తల్లి మొఖం రోజూ చూసేది నేను!" అంది స్ఫూర్తి. యోగానంద్ తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో అతని అభిప్రాయం అంతటితో అయిపోతుంది.

ఆ సంగతి కట్ట మీద చెప్పుకుంటే ఆనందమ్మ తేలిగ్గా తీసిపారేసింది. "వయసు తక్కువైతే బదులు తీస్కో. దానికి ఇంత పరేషాన్ ఏంది?"

గల్లీ చివర జయాబాయి ఉంటుంది. ఒకప్పుడు పసిపిల్లలకు నీళ్ళు పోసేది. అందరికీ ఆసుపత్రి కాన్పులయ్యాక ఆ పని తగ్గి, వయసు మార్చే పని పెరిగింది. ఇద్దరు పిల్లల్నీ వాళ్ళ వాళ్ళ తల్లుల ఒళ్ళో ఎదురెదురుగా కూచోబెడుతుంది. ఇచ్చే పిల్లవాడి మాడు మీద ఆముదం పోసి అరచేత్తో రుద్దుతుంది. వాడి తల్లి 'ఇస్తున్న' అనాలి. ఆ చెయ్యి అట్లాగే తెచ్చి తీసుకునే పిల్లవాడి మాడు మీద రుద్దుతుంది. ఈ తల్లి 'తీసుకుంటున్న' అనాలి. పని అయిపోయింది. అప్పటికప్పుడే ఒకడి నిక్కరు పొట్టిదవుతుంది, ఇంకొకడిది జారిపోతుంది. కాగితాల్లో పుట్టిన తారీఖు తెల్లారేసరికి దానంతట అదే సర్దుకుంటుంది కాబట్టి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ లేదు. పెద్దవాళ్ళ వయసు పిల్లలకు అతకదు. పిల్లల వయసే కావాలి, అదొక్కటే ఇబ్బంది.

"కాని చూడు స్ఫూర్తీ, నా లెక్క తొందరపడకు," అంది ఆనందమ్మ గొంతు తగ్గించి. "మా చిన్న మనవనికి పోయినేడు మీ ఇంట్ల పనిచేసే అంబమ్మ కొడుకు నెలలే పెట్టిచ్చిన. ఏ నెలలని అడగలే. దేవదుర్గల ఎండాకాలం నెలలు పడ్డయి. ఇప్పుడు వానికి ఎంత తినిపిచ్చినా రొట్టెముక్క ఒకటి దిండు కింద దాచుకుంటడు. ఎవరింటికి పోయినా బిందెల నీళ్ళున్నయా లేవా అని తొంగి చూస్తడు. క్లాసుల ఫస్టే వస్తడనుకో, కాని నలుగుర్ల ఇజ్జత్ పోతది కదా! నువ్వు మంచి నెలలు అడుగు. కడుపునిండ తిన్నవి, ఒళ్ళో పెట్టుకోని ముద్దు చేసినవి. ఇంకొకటి, బడోళ్ళకు మాత్రం తెలవనియ్యకు. బదులు నెలల పిల్లలని తెలిస్తే పేరు కొట్టేస్తరు. ఇంక ఏ ఏడూ గేటు లోపలికి రానియ్యరు."

స్ఫూర్తి ఆ మాటలన్నీ గుడిలో తీర్థం పట్టుకున్నంత భక్తిగా పట్టుకుని ఇంటికొచ్చింది.

అంబమ్మ ఆమె ఇంటి పెరట్లోనే ఉంటుంది. ఒకప్పుడు కట్టెలు వేసుకునే కొట్టు అది. అద్దె లేదు, బదులుగా అంట్లు, బట్టలు, ఇల్లు తుడవడం. మొగుడు బెంగళూరులో బిల్డింగు పనులకు పోయి అక్కడే ఉండిపోయాడు. ఆమె కూడా పోయేది, కొడుకు హనుమేశ్‌ను దేవదుర్గ దగ్గర పల్లెలో అత్త దగ్గర వదిలి. అత్తకు కాళ్ళు పడిపోయాక పిల్లవాణ్ణి తెచ్చుకుని రాయచూరు చేరింది. వచ్చిన కొత్తలో వాడు తల్లి అని ఎరగడు, పిలిస్తే గోడకు అతుక్కునేవాడు. ఇప్పుడు చూడండి, ఆమె చీర కుచ్చిళ్ళు వదిలితే ఒట్టు. ఆమె అంట్లు తోముతుంటే వీపు మీద వాలి నిద్రపోతాడు.

"హనుమేశ్‌ను ఈ ఏడు బడికి పంపుతవా అంబమ్మా?" అని అడిగింది స్ఫూర్తి, పెరట్లోకి వచ్చి.

అంబమ్మ మొహం వెలిగింది. "పంపుత అక్కా. ఉగాదికి ఆరు నిండుతయి. సర్కారు సాలె మేస్టరు చూసి సరే అన్నడు. పోయినసారి ఆనందమ్మగారికి నెలలిచ్చినం కదా, వయసు సాలదని ఎనక్కి పంపిండ్రు. ఎంత ఏడ్చిండో! పలక సంకల పెట్టుకోనే పండుకున్నడు."

"ఒక్క నాలుగైదు నెలలు బదులియ్యి. జూన్ల బడి తెరిచేలోపల తిరిగిచ్చేస్త. ఒకసారి సీటు వచ్చిందంటే ఇంక వయసు ఎవరు చూస్తరు?"

అంబమ్మ చేతిలో గిన్నె ఆగింది. "ఆనందమ్మగారు గూడ గట్లనే అన్నరు అక్కా. ఇప్పటిదాంక ఇయ్యలే."

"ఆనందమ్మ వేరు, నేను వేరు. నీకు తలదాచుకోను ఈ కొట్టు ఎవరిచ్చిండ్రు, ఆనందమ్మనా, నేనా?"

ఆ మాట స్ఫూర్తి ఎంతో ప్రేమగా, భుజం మీద చెయ్యి వేసి మరీ అంది. ఇట్లాంటి మాటలు ప్రేమగా అంటేనే సూటిగా తగులుతాయి. అంబమ్మ గిన్నె కింద పెట్టి చేతులు కడుక్కుంది.

"అట్లయితె పాత నెలలు తీస్కో అక్కా. మా అత్త దగ్గర ఉన్నప్పటివి. ఎన్ని కావాల్నో అన్ని తీస్కో, ఏమనను. ఈడికొచ్చినంకవి మాత్రం వద్దు, నీ కాలు మొక్కుత."

"ఎందుకని?"

"వాడు నన్ను అమ్మా అని పిలిచింది ఆ నెలల్లనే కదా అక్కా. ఒక వానకు ఉరుము ఉరిమితే భయపడి వచ్చి నా ఒళ్ళో దూరిండు. ఆ దినం ఫస్టుసారి అమ్మా అన్నడు. నాకు వాడు దొరికింది అప్పుడే."

కడుపున పుట్టినవాడి గురించి ఒక తల్లి ఇంత మాట చెబితే రాయి కూడా కరగాలి. స్ఫూర్తి చెడ్డమనిషేం కాదు, పండగకు అంబమ్మకు కొత్త చీరే పెడుతుంది, పాతది పెట్టదు. కానీ ఆ క్షణాన ఆమె చెవికి ఒకటే వినపడింది. అంటే అవే మంచి నెలలన్నమాట!

"నాకు అవే కావాలె," అంది.

మర్నాడు పొద్దున జయాబాయి ఇంట్లో చాప మీద ఇద్దరు తల్లులూ ఎదురెదురుగా కూచున్నారు. జయాబాయి హనుమేశ్ మాడు మీద ఆముదం పోసి, కళ్ళు మూసుకుని, సంతలో గింజలు చూసినట్టు వేళ్ళతో తడుముతూ పోయింది.

"ఇది జరమొచ్చిన నెల, వద్దు. ఇది రొట్టె లేని నెల... ఆఁ, ఇగో. ఇవి గట్టిగున్నయి. తల్లి ఒడి వాసన కొడుతున్నయి. స్ఫూర్తీ, ఇవి పీకితే ఊరికె రావు. ఇంకోసారి ఆలోచన చేసుకో బిడ్డా."

"అవే తియ్యి బాయీ."

జయాబాయి అంబమ్మ వైపు చూసింది. అంబమ్మ కొడుకును గట్టిగా హత్తుకుంది. "జూన్ల ఇస్తవు కదా అక్కా?" అంది. "మా పిల్లగాని మీద ఒట్టు," అంది స్ఫూర్తి. "ఇస్తున్న," అంది అంబమ్మ. ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చిందో లేదో అన్నట్టుగా వచ్చింది.

"తీసుకుంటున్న!" అని స్ఫూర్తి ఇల్లంతా వినపడేలా అంది.

అంబమ్మ ఒళ్ళో ఉన్న పిల్లవాడు చిన్నగా అయ్యాడు, చొక్కా భుజం మీంచి జారింది. తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. ఎవరింటికో తప్పిపోయి వచ్చినవాడిలా చూశాడు. "అవ్వ యాడ? నన్ను అవ్వ దగ్గరికి పంపు," అని ఒళ్ళోంచి దిగి, పోయి గోడకు అతుక్కున్నాడు. అంబమ్మ పిలిచిన కొద్దీ గోడలోకి దూరిపోవాలని చూశాడు. ఇక్కడ నిఖిలేశ్ స్ఫూర్తి ఒళ్ళో సాగాడు, కాళ్ళు చాప దాటి వచ్చాయి. స్ఫూర్తి ఆనందానికి హద్దు లేదు, వాడి కాళ్ళే చూస్తూ కూచుంది. వాడి కళ్ళు ఎటు చూస్తున్నాయో చూడలేదు.

సాయంత్రం వాడు కొట్టు గుమ్మంలో కూచుని, "అమ్మా, రొట్టె పెట్టు," అని అంబమ్మను అడిగాడు. స్ఫూర్తి నవ్వేసింది. "కొత్త నెలలు మీగడ లెక్క పైకి తేలుతయి, నాలుగు దినాలల్ల కలిసిపోతయి," అని ఆనందమ్మ కూడా చెప్పింది. నాలుగు రోజులు పోయాయి, నెల పోయింది. వాడు అన్నం అక్కడే, ఆట అక్కడే. అంబమ్మ మొదట్లో చెయ్యి వెనక్కి తీసుకునేది. "మీ అమ్మ ఆడున్నది, పో నాయనా," అనేది. తర్వాత తర్వాత అనడం మానేసింది. ఎట్లా అంటుంది చెప్పండి? సొంత కొడుకు ఆమెను చూసి గోడెక్కుతుంటే, ఈ పిల్లవాడు సరిగ్గా ఆ వాన రోజులాగే వచ్చి ఒళ్ళో దూరుతున్నాడు. ఆమె చేతులు ఎంతకని ఆగుతాయి?

స్ఫూర్తికి ఇవేవీ పట్టించుకునే తీరిక లేదు. ఇంటర్వ్యూ దగ్గర పడింది. నాన్న పేరు, ఊరి పేరు, జిల్లా పేరు, ముఖ్యమంత్రి పేరు, కాయగూరల పేర్లు అన్నీ ఇంగ్లీషులో కంఠతా పట్టించింది. ఒక్కటే నేర్పలేదు. తల్లి పేరు. అదీ ఎవరైనా నేర్పుతారా?

ఇంటర్వ్యూ నాడు గంజ్‌కు పత్తి బండ్లు బాగా వచ్చాయి, యోగానంద్‌కు కదిలే వీలు లేదు. తల్లి ఉంటే చాలన్నారు కాబట్టి ఫరవాలేదనుకుంది. కానీ నిఖిలేశ్ అంబమ్మ రాకపోతే ఆటో ఎక్కనని కింద పడి దొర్లాడు. తెల్ల చొక్కా మాసిపోతుందని భయపడి అంబమ్మను కూడా ఎక్కించుకుంది. హనుమేశ్‌ను జయాబాయి దగ్గర వదిలారు. "నువ్వు గేటు కాడ నిలబడు, లోపలికి రాకు," అని అంబమ్మకు చెప్పి, కొడుకు చెయ్యి పట్టుకుని స్ఫూర్తి లోపలికి పోయింది.

హెడ్ మేడమ్ గదిలో చల్లగా ఉంది. నిఖిలేశ్ అరటిపండు ఒలిచాడు, తొక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. పద్యం చెప్పాడు. ఏనుగు బొమ్మ చూసి ఎలిఫెంట్ అన్నాడు. మేడమ్ తల ఊపుతూ పెన్ను తీసింది. స్ఫూర్తి మనసులో కొబ్బరికాయలు కొట్టేసింది.

"వాట్ ఈజ్ యువర్ మదర్స్ నేమ్?"

"మై మదర్స్ నేమ్ ఈజ్ అంబమ్మ," అన్నాడు వాడు, నేర్పిన పద్ధతిలో, ముక్క తప్పు లేకుండా.

మేడమ్ ముందున్న కాగితం చూసింది, స్ఫూర్తిని చూసింది. "హూ ఈజ్ షీ?"

వాడు స్ఫూర్తిని చూసి మర్యాదగా నవ్వాడు. "షీ ఈజ్ ఓనర్ ఆంటీ."

మేడమ్ పెన్ను కింద పెట్టింది. "ఏనమ్మా ఇది? మీరు వీని తల్లి కాదా? నిజం చెప్పండి. బదులు నెలల పిల్లలను మేము తీసుకోము. పోయిన వారమే ఒకరిని పంపించేసినము. వాళ్ళ పేరు ఇంక ఎప్పటికీ రాయము."

స్ఫూర్తి లెక్క వేసుకుంది. తల్లినని చెబితే పిల్లవాడి నోట ఇంకో తల్లి పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలి. సీటు పోతుంది. ఈ ఏడు కాదు, ఎప్పటికీ పోతుంది. రేపు రక్షిత ఈ బడికి పోతుంటే తను గుమ్మంలో నిలబడి చూడాలి. అంత పెద్ద ఆలోచన ఒక్క గుటకలో అయిపోయింది.

"కాదు మేడమ్," అంది. "నేను ఇంటి ఓనర్‌నే. వాళ్ళమ్మ బయట నిలబడ్డది. చదువు లేదు, లోపలికి రాను భయమైంది. కాగితాలల్ల స్ఫూర్తి, ఇంట్ల పిలిచేది అంబమ్మ."

"మరి పిలవండి ఆమెను."

స్ఫూర్తి గేటు దగ్గరికి పరుగెత్తింది. తన హ్యాండ్‌బ్యాగు అంబమ్మ భుజానికి తగిలించింది, చెప్పులు విప్పి ఆమె కాళ్ళకు తొడిగింది, కొంగుతో ఆమె మొహం తుడిచింది. "నువ్వు వాళ్ళమ్మవు. అంతే చెప్పు. ఇంకేం మాట్లాడకు," అంది. అంబమ్మ అయోమయంగా లోపలికి పోయింది. "అమ్మా!" అని నిఖిలేశ్ కుర్చీలోంచి దూకి ఆమె నడుము చుట్టుకున్నాడు. ఆ పట్టు చూశాక ఏ మేడమ్‌కైనా అనుమానం ఎందుకుంటుంది? చదువు లేకున్నా పిల్లవాణ్ణి బాగా పెంచావని మెచ్చుకుని, తల్లీకొడుకుల్ని పక్కపక్కన కూచోబెట్టి బడి కార్డు కోసం ఫోటో తీయించింది. స్ఫూర్తి ఉత్త కాళ్ళతో గేటు బయట నిలబడి ఎండకు ఒక కాలు మార్చి ఒక కాలు పెడుతూ ఎదురుచూసింది.

సీటు వచ్చింది! గల్లీలో ఇంటింటికీ మైసూర్‌పాక్ పంచింది స్ఫూర్తి. రక్షిత తల్లికి రెండు ముక్కలు ఎక్కువ పెట్టింది.

మే నెల చివర అంబమ్మ వచ్చి గుమ్మం కింద నిలబడింది. "అక్కా, సాలె తెరుస్తున్నరు. హనుమేశ్ నెలలు..."

"ఇప్పుడెట్ల ఇస్త? వీడు మల్ల చిన్నగైతే మేడమ్‌కు తెలవదా? జర ఆగు. దసరా సెలవులల్ల చూద్దం."

"ఒట్టు పెట్టినవు అక్కా."

"ఒట్టు పెట్టిన, కాదన్ననా? సమయం సందర్భం ఉండాలె కదా!"

అంబమ్మ వెళ్ళిపోయింది. హనుమేశ్‌ను సర్కారు బడి నుంచి ఇంకోసారి వెనక్కి పంపారు. ఈసారి వాడు ఏడవను కూడా ఏడవలేదు. బడి కోసం ఎదురుచూసిన నెలలు కూడా వాడి దగ్గర లేవు మరి.

గడియారం బడిలో ఒకటో క్లాసు పిల్లలకు వ్యాను లేదు, ఒక రూలుంది. కార్డు మీద ఫోటో ఉన్న తల్లే పిల్లవాణ్ణి దింపాలి, తల్లే తీసుకుపోవాలి. అందుకని పొద్దున, మధ్యాహ్నం స్ఫూర్తి ఇచ్చిన చీర కట్టుకుని అంబమ్మ పోయేది. తల్లుల మీటింగుకు అంబమ్మే. ఆటలపోటీలో నిఖిలేశ్ గెలిస్తే పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది అంబమ్మే. ఆ సమయంలో ఇల్లు తుడిచి, అంట్లు తోమి, గోడకు అతుక్కున్న హనుమేశ్‌కు ఇంత ముద్ద పెట్టేది స్ఫూర్తి. ఆ పిల్లవాడికి ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. అన్నం పెట్టే చెయ్యి అదొకటే కాబట్టి మెల్లగా ఆమె వెనకే తిరగడం మొదలుపెట్టాడు. ఆమె విసుక్కుంటే కాస్త దూరం జరిగి, మళ్ళీ వచ్చి కూచునేవాడు.

వానలు తగ్గే రోజుల్లో ఒక మధ్యాహ్నం నిఖిలేశ్ జ్వరంతో వచ్చాడు. ఒళ్ళు పేలిపోతోంది. అంబమ్మ మందు తేవడానికి పోయింది. స్ఫూర్తి తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వెయ్యబోతే వాడు ఆమె చెయ్యి తోసేశాడు.

"నువ్వొద్దు ఆంటీ. మా అమ్మను పిలువు."

"నేనే రా నాయనా మీ అమ్మను! నిన్ను కన్నది నేను రా!"

వాడు భయపడి దుప్పటి మొహం మీదికి లాక్కుని, "అమ్మా, జల్ది రా," అని ఏడవడం మొదలుపెట్టాడు. స్ఫూర్తి తడిగుడ్డ విసిరేసి లేచింది. ఇన్నాళ్ళూ మీగడ అనుకుంది, కలిసిపోతుందనుకుంది. సీటు పోతే పోయింది, రక్షిత పైక్లాసుకు పోతే పోనీ, ఆ గడియారం పగిలి ముక్కలు కానీ! కొడుకును దుప్పటితో సహా ఎత్తుకుని, ఏడుస్తున్నవాణ్ణి ఏడుస్తుండగానే జయాబాయి ఇంటికి పరుగెత్తింది. వెనకాలే హనుమేశ్ కూడా పరుగెత్తాడు.

"బాయీ, ఆ నెలలు తీసెయ్యి! ఇప్పుడే, ఈ నిమిషమే తీసెయ్యి!"

"తీసేటందుకు నాదేం లేదు బిడ్డా," అంది జయాబాయి ఆముదం గిన్నె దగ్గరికి జరుపుకుంటూ. "ఇచ్చినామె వచ్చి తన కొడుకును ఒళ్ళో కూచోబెట్టుకోని 'తీసుకుంటున్న' అనాలె. బలవంతంగ పెట్టేది కాదు."

మందు సీసాతో అంబమ్మ వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది. ఆమెను చూడగానే నిఖిలేశ్ చేతులు చాచాడు. ఆమె వాణ్ణి తీసుకుని, భుజాన వేసుకుని, మూత విప్పి మందు తాగించింది. వాడు మారాం చేయకుండా తాగాడు.

"అంబమ్మా, నీ నెలలు నువ్వు తీస్కో. ఇదిగో, హనుమేశ్ ఈడనే ఉన్నడు. ఒళ్ళో కూచోబెట్టుకో," అంది స్ఫూర్తి.

అంబమ్మ హనుమేశ్ వైపు చూసింది. "రా నాయనా," అని ఒక్కసారి పిలిచింది. వాడు స్ఫూర్తి వెనక దాక్కుని ఆమె చీర పట్టుకున్నాడు.

"నాకొద్దు అక్కా."

"ఏందీ?"

"తీసుకోను. అప్పుడు అడిగిన, ఇయ్యకపోతివి. ఇప్పుడు నాకొద్దు."

"నెలలు వస్తే వాడు నీ దగ్గరికి వస్తడే! నీ కొడుకు నీకు వస్తడు!"

"వస్తడు అక్కా. వచ్చినంక? జనవరి రాంగనే ఇంకొకామె వచ్చి కొట్టు ఎవరిచ్చిండ్రు, చీర ఎవరు పెట్టిండ్రు అని అడుగుతది. నేను మల్ల ఇస్త. నాకు లేదనను నోరు లేదు. వాడు ఎన్ని దినాలు బతికినా గింతనే ఉంటడు." అంబమ్మ భుజం మీది పిల్లవాడి వీపు నిమిరింది. "వీని నెలలు అడిగేటందుకు ఎవరికీ ధైర్యం లేదు. వీడు ఇంగ్లీషు మాట్లాడుతడు. రేపు పెద్దగైతడు, నౌకరీ చేస్తడు, నన్ను కూచోబెట్టి ఇంత ముద్ద పెడతడు. నేను ఎవరి దగ్గర ఉండాల్నో నువ్వే చెప్పు."

"వాడు నా కొడుకు!" అని అరిచింది స్ఫూర్తి.

"మేడమ్ ముందర కాదంటివి కదా అక్కా," అంది అంబమ్మ. కోపంగా కూడా అనలేదు.

స్ఫూర్తి ఆమె కాళ్ళ మీద పడింది. తన చెప్పులే ఆ కాళ్ళకు ఉన్నాయి. నీకు ఇల్లు రాసిస్తా అంది, బంగారం ఇస్తా అంది, జన్మంతా అంట్లు తోముతా అంది. జయాబాయి మొహం తిప్పుకుంది. చప్పుడుకు గుమ్మంలోకి వచ్చిన ఆనందమ్మ, ఎందుకొచ్చిన గొడవ అనుకుని, మెల్లగా వెనక్కి జరిగి వెళ్ళిపోయింది. అంబమ్మ ఒక్కొక్క వేలే విడిపించి కాళ్ళు వెనక్కి తీసుకుంది. తన కడుపున పుట్టినవాడి వైపు మళ్ళీ చూడలేదు. చూస్తే ఆగేదేమో, అందుకే చూడలేదు.

నిఖిలేశ్ భుజం మీంచి తల ఎత్తాడు. "ఆంటీ ఎందుకు ఏడుస్తున్నది అమ్మా?"

కింద కూలబడ్డ స్ఫూర్తి పక్కకు హనుమేశ్ చేరాడు, ఏం చెయ్యాలో తోచక ఆమె చెంపలు తన చేత్తో తుడుస్తున్నాడు.

"వాళ్ళ బాబుకు సీటు రాలేదంట నాయనా," అంది అంబమ్మ, వాడికి ఎండ తగలకుండా కొంగు కప్పి, ఇంటివైపు నడుస్తూ.